టక్ మంటుంది, లాక్ పడదు: మా వాషింగ్ మెషిన్‌తో ఆగస్టు నెల

బోర్డు (మెషిన్‌ని నడిపించే లోపలి సర్క్యూట్) పోయింది, 6,800 అవుతుంది అని కంపెనీ మనిషి తేల్చేసిన మా వాషింగ్ మెషిన్, 850 రూపాయల మూత లాక్ మారిస్తే బాగైంది. ఈ రెండింటి మధ్యా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇదే గోలలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతారని. మాది నాలుగేళ్ల నాటి టాప్ లోడ్, 7 కిలోలది. కంపెనీ పేరు రాయడం లేదు, మూత లాక్ పాడవడం ఏ కంపెనీ మెషిన్‌కైనా వచ్చేదే. మేముండేది బెంగళూరులో బొమ్మనహళ్లి దగ్గర, హొంగసంద్ర వైపు.

2025 ఆగస్టు 6, బుధవారం. ఆ శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. నంద్యాల నుంచి అత్తయ్య అప్పటికే వచ్చేశారు. బూజులు దులపడం అయిపోయింది. కర్టెన్లు ఒక వాయి, దుప్పట్లు ఒక వాయి వేసేద్దామని ఆఫీసు కాల్స్ అయ్యాక సాయంత్రం మొదలుపెట్టాను. మొదటి వాయే సగంలో ఆగిపోయింది. ఉతకడం బాగానే ఉతికింది, సబ్బు నీళ్లు బయటికి వదిలింది, ఇక తిరగాలి అనగా లోపల ఎక్కడో టక్ మంది. కాసేపు ఆగి మళ్లీ టక్. ఇంకోసారి టక్. తర్వాత ఒకటే బీప్‌లు, ప్యానెల్ మీద తాళం గుర్తు వెలగడం, ఆరడం.

మూత తీసి గట్టిగా వేశాను. మూత మీద చెయ్యి పెట్టి అదిమి పట్టుకున్నాను. ప్లగ్ పీకి పావుగంట ఆగి పెట్టాను. మూత కింద కొక్కెంలాగా ఉండే ప్లాస్టిక్ ముక్క విరిగిందేమో చూశాను, బాగానే ఉంది, కాస్త వదులుగా ఉందంతే. ఆ కొక్కెం దిగే రంధ్రంలో తెల్లగా పౌడర్ పేరుకుని ఉంటే పాత టూత్‌బ్రష్‌తో గీకి, పొడిగుడ్డతో తుడిచాను. ఇవన్నీ చేశాక కూడా అదే టక్, అదే బీప్.

మా మోడల్‌లో ఉతికేటప్పుడు మూత తీసినా మెషిన్ ఏమీ అనదు. స్పిన్ తిరగాలంటే మాత్రం మూతకి లాక్ పడాలి, పడిందన్న సంగతి లోపలి బోర్డుకి అందాలి. నాకు ఆ రోజే తెలిసింది ఏమిటంటే, స్పిన్ అనేది చివర్లో ఒక్కసారే ఉండదు. ఉతకడం అయ్యాక, జాడించడానికి ముందు కూడా చిన్న స్పిన్ ఒకటి ఉంటుంది. అది తిరగకపోతే మెషిన్ అక్కడే కూర్చుంటుంది. అంటే మీ చేతికి వచ్చేవి నీళ్లు పిండని బట్టలు కూడా కావు, జిగటగా సబ్బు పట్టి ఉన్న బట్టలు. హాలు కిటికీల పెద్ద కర్టెన్లు అలా ఉంటే ఎంత బరువుంటాయో ఎత్తినవాళ్లకే తెలుస్తుంది.

రాత్రి పదిన్నర దాకా నేనూ మా ఆయనా బాత్రూమ్‌లో ఆ కర్టెన్లు జాడించాం. ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని మెలిపెట్టి పిండితే నీళ్లన్నీ మా కాళ్ల మీదే. కింద నుంచి ఓనర్ ఆంటీ ఫోన్. "ఏమ్మా, మోటారు వేసి గంట కూడా కాలేదు, ట్యాంక్ అప్పుడే సగానికి వచ్చింది, ఎక్కడైనా కొళాయి వదిలేశారా?" ఆమె కన్నడవాళ్లే అయినా మాతో తెలుగే మాట్లాడతారు. విషయం చెప్పి, క్షమించమని అడిగి, ఆ రాత్రే కంపెనీ యాప్‌లో కంప్లైంట్ పెట్టాను. మర్నాడు పొద్దున 10 నుంచి 2 లోపు టెక్నీషియన్ వస్తాడని వెంటనే మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చూసి నిజంగానే ధైర్యం వచ్చింది.

7వ తేదీ. 2 దాటింది, 3 దాటింది, ఎవరూ రాలేదు. 4:40కి మెసేజ్: "మీ కోరిక మేరకు అపాయింట్‌మెంట్ వాయిదా వేశాం." నేను కోరడమేంటి? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి లైన్లోకి వచ్చి "పండగ రద్దీ మేడమ్, రేపు తప్పకుండా" అంది. రేపే పండగ అని ఆ అమ్మాయికి తెలుసు, నాకూ తెలుసు.

8న పొద్దున 11 గంటలకి, నేను తోరం కట్టుకుంటుంటే టెక్నీషియన్ ఫోన్. పక్క వీధిలోనే ఉన్నాడట, పది నిమిషాల్లో వచ్చేస్తాడట. అత్తయ్య నోరు విప్పలేదు, కళ్లతోనే వద్దన్నారు. మడి కట్టుకున్న ఇంట్లోకి బూట్లతో మనిషి వచ్చి, వంటింటి వెనక యుటిలిటీలో మెషిన్ పక్కకి లాగడం ఎలా ఉంటుందో ఊహించుకుని నేనూ వద్దన్నాను. "అయితే రేపు సాయంత్రం మేడమ్" అన్నాడు. పేరంటానికి వచ్చినవాళ్లందరూ తడి కర్టెన్ల కిందుగా వంగి లోపలికి వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు, నాకే తల కొట్టేసినట్టయింది.

9వ తేదీ శనివారం మూడున్నరకి వచ్చాడు. యూనిఫాం వేసుకున్న కుర్రాడు, మర్యాదగానే ఉన్నాడు, కన్నడ, హిందీ కలిపి మాట్లాడాడు. మెషిన్ ఆన్ చేసి, రెండు బటన్లు కలిపి నొక్కి ఏదో టెస్ట్ మోడ్ పెట్టాడు. టక్, టక్, బీప్. తల అడ్డంగా ఊపాడు. వెనకాల స్టిక్కర్ ఫొటో తీసుకున్నాడు. బోర్డు మార్చాలన్నాడు. పైమూత విప్పలేదు, మీటరు బయటికి తియ్యలేదు. మొత్తం పావుగంట కూడా పట్టలేదు.

"లాకే పాడై ఉండొచ్చు కదా?" అని అడిగాను.

"లాక్ పనిచేస్తోంది మేడమ్, శబ్దం వస్తోంది కదా. లాక్ పడుతోంది, కానీ బోర్డుకి అర్థం కావట్లేదు. అందుకే ఎర్రర్."

వినడానికి సబబుగానే ఉంది. నిజానికి ఆ మాటలో సగం నిజం కూడా ఉంది, ఆ సంగతి తర్వాత తెలిసింది. బోర్డు ధర, పని కూలి, పన్ను అన్నీ కలిపి 6,800 అని ఎస్టిమేట్ ఫోన్‌కి వచ్చింది. బోర్డు స్టాకులో లేదు, సరే అంటే ఆర్డర్ పెడతారు, వారం పది రోజులు పడుతుంది. వచ్చి చూసినందుకు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 590 అక్కడికక్కడే కట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, ఏడాది కాంట్రాక్టు తీసుకుంటే బోర్డు మీద కొంత తగ్గుతుందని కూడా చెప్పాడు. చెడిపోయిన మెషిన్ ముందు నిలబడి ఉన్నప్పుడు ఆ మాట ఎంత ఆశ పెడుతుందో! ఒక నిమిషం నేను ఊగిసలాడిన మాట నిజం.

మా ఆయన అప్పటికే ఫోన్లో ఆగస్టు 15 ఆఫర్లు చూస్తున్నారు. "ఏడు వేలు దీనికి పెట్టేకన్నా ఇంకో పదివేలు వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా." లెక్క ప్రకారం ఆయన మాటా కాదనలేం. కానీ మోటారు బాగుంది, నీళ్లు పట్టడం, వదలడం బాగుంది, తుప్పు లేదు. ఒక్క టక్ చప్పుడు కోసం మెషిన్ మొత్తం పాతసామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసు ఒప్పలేదు.

10వ తేదీ ఆదివారం ప్రధాని వచ్చి ఎల్లో లైన్ మెట్రో ప్రారంభించిన రోజు. మా వైపు రోడ్ల మీద ఆంక్షలు, ఎవరినీ పిలవడానికి లేదు. బయట ముసురు. యుటిలిటీలో దండేల మీద బట్టలు మూడు రోజులుగా ఆరక ఒక రకమైన ముక్కిపోయిన వాసన. మా అబ్బాయి స్కూలు యూనిఫాం ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాను. పిండి పిండి నా కుడి మణికట్టు వాచింది. ఇక లాభం లేదని దుప్పట్లు, తువ్వాళ్లు మూటకట్టి వీధి చివర లాండ్రీలో వేశాను. కిలో 80, ఎనిమిది కిలోలు తూగాయి, 640. సోమవారం ఇస్తామన్నవి మంగళవారం రాత్రికి ఇచ్చారు. వాన కదా అన్నారు.

ఆ ఆదివారం సాయంత్రమే ఓనర్ ఆంటీ ఒక మెకానిక్ నంబరు ఇచ్చారు. బేగూరు రోడ్డులో చిన్న షాపు, మనిషిది హిందూపురం పక్క పల్లె. ఫోన్లో లక్షణాలు చెప్పడం మొదలుపెట్టగానే మధ్యలోనే ఆపాడు. "అక్కా, ఒక్క మాట చెప్పు. టక్ మనే శబ్దం వస్తాందా, రావట్లేదా?" వస్తోందన్నాను. "అయితే బోర్డుకి కంగారు పడొద్దు. రేపు రాత్రి ఎనిమిది దాటినాక వస్తా."

11న వచ్చేసరికి 8:40 అయింది. ప్లగ్ పీకి, కాసేపు అలాగే వదిలేశాడు. వెనక వైపు రెండు స్క్రూలు విప్పి, ముందు నుంచి పైభాగం మొత్తాన్ని కారు బానెట్‌లా పైకి లేపి గోడకి ఆనించాడు. ఇన్నేళ్లుగా వాడుతున్న మెషిన్ లోపల ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. కుడి పక్క మూలన, కొక్కెం దిగే రంధ్రానికి సరిగ్గా కింద, అరచేతిలో పట్టేంత తెల్ల ప్లాస్టిక్ డబ్బీ. దానికి నాలుగు వైర్లు. అదే లాక్.

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. ఆ డబ్బీలో పనులు రెండు. ఒకటి కాయిల్. బోర్డు కరెంటు పంపితే అది లోపలి బిళ్లను జరిపి కొక్కేన్ని పట్టుకుంటుంది, టక్ మనేది అప్పుడే. రెండోది ఒక చిన్న స్విచ్చి. బిళ్ల జరిగి కొక్కెం పట్టుబడ్డాక ఆ స్విచ్చి కలిసి "లాక్ పడింది" అని బోర్డుకి చెప్తుంది. టక్ మంటోందంటే కాయిల్ బతికే ఉంది, బోర్డు కరెంటు పంపుతోంది. జవాబు వెనక్కి రాకపోవడంతో బోర్డు ఇంకోసారి ప్రయత్నిస్తోంది, మళ్లీ టక్. కొన్నిసార్లు చూసి, విసిగి ఎర్రర్ ఇస్తోంది. అసలు టక్ మననే అనకపోతే కథ వేరు. కాయిల్ కాలిపోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, బోర్డే కరెంటు పంపకపోతూ ఉండొచ్చు.

"మరి కంపెనీ అబ్బాయి బోర్డుకి అర్థం కావట్లేదన్నాడే?"

"కరెక్టే చెప్పినాడక్కా. అర్థం కావట్లేదు. చెప్పేవాడు చెప్తే కదా అర్థమయ్యేది."

లాక్ సాకెట్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాడు. కాయిల్ రెండు కాళ్ల (పిన్నుల) మధ్య మీటరు ఒక అంకె చూపించింది. కాయిల్ తెగిపోయి ఉంటే ఏ అంకే రాదట. తర్వాత మీటరుని బీప్ మీదికి తిప్పి, మిగతా రెండు కాళ్లకి తగిలించి, నన్ను స్క్రూడ్రైవర్‌తో లోపలి బిళ్లను లాక్ పడినట్టుగా నెట్టి పట్టుకోమన్నాడు. కుయ్ మని మోగాలి. మోగలేదు. డబ్బీని పక్కనుంచి వేలితో నొక్కితే ఒక్క క్షణం చిటపటలాడి ఆగిపోయింది. ఇంకోసారి నొక్కితే అదీ లేదు. "ఇదో, ఇదే మీ 6,800" అన్నాడు.

అక్కడితో ఊరుకోలేదు, అది నాకు నచ్చింది. లాక్ నుంచి బోర్డు దాకా వెళ్లే వైర్లు ఒక్కొక్కటీ మీటరుతో చూశాడు. ఎలుకలు కొరికిన వైరు వల్ల కూడా అచ్చం ఇదే ఎర్రర్ వస్తుందట, కింద అడుగు తెరిచి ఉండే మెషిన్లలో అది మామూలేనట. మా వైర్లు బాగున్నాయి.

తర్వాత ఇంకో దారి చెప్పాడు. లాక్ తీసేసి ఆ రెండు వైర్లూ కలిపేస్తే, అంటే డైరెక్ట్ చేస్తే, ఇంకో 200తో ఆ రాత్రే మెషిన్ తిరుగుతుంది. చాలామంది అదే చేయించుకుంటారట. నేను జవాబు చెప్పేలోపే మా నాలుగేళ్లవాడు స్టూల్ ఎక్కి టబ్బులోకి తొంగి చూస్తున్నాడు. వాణ్ని చూసి మెకానిక్కే మాట మార్చాడు. స్పిన్‌లో ఆ టబ్బు నిమిషానికి ఏడొందల చుట్ల దాకా తిరుగుతుంది. మూత తీసినా ఆగకుండా తిరిగే టబ్బులోకి పిల్లాడు చెయ్యి పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా కొన్ని బోర్డులు ఈ దొంగతనం కనిపెట్టేస్తాయట. లాక్ వెయ్యకముందే స్విచ్చి కలిసి ఉన్నట్టు కనిపిస్తే దానికీ ఎర్రర్ ఇస్తాయి. వద్దన్నాను. చూసినందుకు 200 తీసుకుని, పాత లాక్ ఊడదీసి కవర్లో వేసి నా చేతికిచ్చాడు. "కొత్తది నేనే తెస్తా, కానీ శుక్రవారం సెలవు, శనివారం అవుతుంది. తొందరుంటే ఎస్పీ రోడ్డు షాపులకి పో అక్కా. ఇది తీసుకునే పో, ఫొటోలు చూపిస్తే ఏదో ఒకటి అంటగడతారు."

12న పని మధ్యలో కంపెనీ స్పేర్ పార్టుల సెంటర్‌కి ఫోన్ చేశాను. లాక్ ఒక్కటే అమ్మాలంటే వాళ్ల టెక్నీషియన్ సిఫారసు ఉండాలట. మా ఫైల్లో ఉన్న సిఫారసు బోర్డుకి! ఆన్‌లైన్లో వెతికితే మా లాక్ లాంటివే పదుల్లో కనిపించాయి. అన్ని ఫొటోలూ ఒకలాగే ఉన్నాయి, వైర్లు ఎన్నో ఒక్కరూ రాయలేదు.

13వ తేదీ బుధవారం సగం రోజు సెలవు పెట్టి బయల్దేరాను. బొమ్మనహళ్లిలో ఎల్లో లైన్ ఎక్కాను. మామూలు జనానికి తెరిచింది 11నే, అప్పటికి బండ్లు తక్కువ, 25 నిమిషాలకి ఒకటి. కళ్లముందే ఒకటి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫాం మీద సగం మంది రీల్స్ తీసుకుంటున్నారు, నేను కవర్లో పాడైన ప్లాస్టిక్ డబ్బీతో నిలబడ్డాను. బండి ఎక్కాక మాత్రం సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ మీదుగా హాయిగా దాటిపోతుంటే, అంతసేపు ఆగిన చిరాకు పోయింది. ఆర్వీ రోడ్డులో గ్రీన్ లైన్‌కి మారి కేఆర్ మార్కెట్ దగ్గర దిగాను. వ్రతం వెళ్లిపోయింది కదా, ముందు వారం ముట్టుకోనివ్వని కనకాంబరాలు పిలిచి మరీ ఇస్తున్నారు. మూర కొనుక్కుని ఎస్పీ రోడ్డుకి నడిచాను.

ఎస్పీ రోడ్డు అంటే కంప్యూటర్ సామాన్లే అనుకునేదాన్ని. మొదట అడిగిన షాపులవాళ్లు మెడ ఊపి ముందుకి పొమ్మన్నారు. ఒక సందులోకి తిరిగాక కనిపించాయి, గుమ్మాలకి బెల్టులు, డ్రెయిన్ పైపులు వేలాడేసిన చిన్న చిన్న షాపులు. నేను రాసుకెళ్లిన మోడల్ నంబరు కాగితం షాపాయన చదవను కూడా చదవలేదు. "పాతది ఉందా?" అన్నాడు. ఇచ్చాను. తిప్పి సాకెట్ చూశాడు, కొక్కెం ఏ పక్క నుంచి దిగుతుందో చూశాడు, లోపలికి వెళ్లి మూడు తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. దూరం నుంచి మూడూ ఒకటే. పక్కపక్కన పెడితే, ఒకదానికి వైర్లు మూడే. ఇంకోదానికి నాలుగూ ఉన్నాయి కానీ స్క్రూ రంధ్రాలు ఎదురు పక్కన ఉన్నాయి. మూడోది అన్ని రకాలా సరిపోయింది, వైర్ల రంగుల వరస కూడా. ఫొటో చూసి ఆర్డర్ పెట్టి ఉంటే ఈ మూడింట్లో ఏది వచ్చేదో ఆ దేవుడికే తెలియాలి.

అందులోనే రెండు ధరలు. 550ది లోకల్ మాల్. 850ది కంపెనీలకి చేసిచ్చేవాళ్లదేనని అతని మాట. నిజమో కాదో తేల్చుకునే దారి నా దగ్గర లేదు. రెండూ చేత్తో పట్టుకుని బిళ్ల నెట్టి చూస్తే, ఖరీదుదాని బిళ్ల గట్టిగా, తడబడకుండా కదిలింది. అదే తీసుకున్నాను. మీటరు పెట్టి చూపించమంటే విసుక్కోకుండా చూపించాడు, కుయ్ మంది. ఆ చప్పుడు వింటే ఎంత సంతోషమేసిందో. వదులుగా ఉన్న కొక్కెం సంగతి చెబితే అది కూడా విడిగా దొరికింది, 60. గోడ మీద "కరెంటు సామాను వాపసు లేదు" అని కన్నడలో, ఇంగ్లీషులో బోర్డు ఉంది. అయినా బిల్లు వెనక మూడు నెలలు అని చేత్తో రాసి ముద్ర వేసి ఇచ్చాడు. అడిగితేనే రాశాడు.

14వ తేదీ గురువారం రాత్రి తొమ్మిదికి మెకానిక్ వచ్చాడు. బిగించడం అరగంట లోపే. ఎక్కువ సమయం తీసుకున్నది వైరుకే. తిరిగే టబ్బుకి రాసుకోకుండా పాత దారిలోనే పోనిచ్చి, అంచు వెంబడి రెండు చోట్ల ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాడు. కొత్త కొక్కెం మూతకి తగిలించాడు. పైభాగం దించి స్క్రూలు వేసి, ప్లగ్ పెట్టి, ఖాళీ మెషిన్‌లోనే స్పిన్ ఒక్కటే పెట్టమన్నాడు. నీళ్లు వదిలే మోటారు చప్పుడు. తర్వాత టక్. ఇంకో టక్ కోసం అందరం ఊపిరి బిగబట్టాం. రాలేదు. టబ్బు మెల్లగా కదిలి, వేగం అందుకుని తిరిగింది. అత్తయ్య లోపల్నుంచే "తిరుగుతోందా?" అని అరిచారు.

అది ఆగాక ఇంకో పరీక్ష పెట్టాడు. ఈసారి మూత తెరిచే ఉంచి స్పిన్ నొక్కాడు. తిరగలేదు, బీప్‌లు వచ్చాయి. "ఇది కూడా చూసుకోవాలక్కా. తిరగాల్సినప్పుడు తిరగడమొక్కటే చూసి డబ్బులిచ్చేస్తారు అందరూ." 400 తీసుకున్నాడు. టీ తాగాడు.

పాత లాక్‌ని నేను పారెయ్యలేదు, మర్నాడు సెలవే కదా అని కత్తితో అంచులు లేపి తెరిచాను. స్విచ్చి రేకులు రెండూ నల్లబడి, అంచుల్లో పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అడుగున పౌడర్ తడిసి గట్టిపడిన పొర. మా మెషిన్లో సబ్బు పౌడర్ వేసే అర, ఈ లాక్ రంధ్రానికి జానెడు దూరంలోనే ఉంది. నీళ్లు పట్టేటప్పుడు ఆ అర అంచు నుంచి చిందేదంతా ఆ వైపుకే. కరెంటు స్విచ్చిని అక్కడ పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, రోజూ బట్టలు ఉతికే మనిషికైతే తోచదు. ఇప్పుడు పౌడర్ మానేసి లిక్విడ్ వాడుతున్నాం, వాయి అయ్యాక ఆ మూల ఒకసారి గుడ్డతో తుడుస్తున్నాను.

ఖర్చు మొత్తం చూస్తే కంపెనీకి 590, మెకానిక్‌కి రెండుసార్లకీ కలిపి 600, లాక్, కొక్కెం 910, లాండ్రీ 640. వెరసి 2,740. మెట్రో, ఆటో, కనకాంబరాలు వేరే.

590 వెనక్కి ఇమ్మని కంపెనీకి ఫోన్ చేశాను. బోర్డు బాగుంది, లాక్ మార్చితే నడుస్తోంది, మీ మనిషి మూత కూడా విప్పి చూడలేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. మార్పించుకున్నా మానుకున్నా విజిట్ చార్జీ వెనక్కి రాదన్నారు. "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అన్నారు. 18వ తేదీన ఇంకొకావిడ ఫోన్ చేసి, 6,800 ఎస్టిమేట్ పెండింగ్‌లో ఉంది, ఆర్డర్ పెట్టమంటారా అని అడిగింది. మెషిన్ బాగైపోయిందన్నాను. "అయితే కస్టమర్‌కి ఆసక్తి లేదు అని క్లోజ్ చెయ్యమంటారా మేడమ్?" అంది. లాక్ పోయింది అని రాసి క్లోజ్ చెయ్యండి అన్నాను. ఆ లిస్టులో అది లేదట.

23న, అంటే బిగించి పది రోజులు కూడా కాకముందే, మళ్లీ టక్ టక్, బీప్ మని వినిపించేసరికి గుండె ఆగినంత పనైంది. చూస్తే, మందపాటి రజాయి ఒకటి ఉబ్బి మూతని లోపల్నుంచి పైకి నెడుతోంది, కొక్కెం పూర్తిగా దిగడం లేదు. రజాయిని లోపలికి తొక్కి మూత వేస్తే ఒక్క టక్‌తో తిరిగింది. అప్పట్నుంచి రజాయిలు లాండ్రీకే వేస్తున్నాం. షాపు బిల్లు మాత్రం మూడు నెలల గడువు పోయేదాకా ఉండాలని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెషిన్ వెనకాల టేపుతో అంటించాను.